ఏకాభిప్రాయం రంగు రికార్డు

రంగు లేని వారసత్వం వారసత్వం కాదని మా సంస్థ నిరుడు వేసవిలో తీర్మానించింది. ఆ సమావేశంలో నేనూ ఉన్నాను. టీ వచ్చింది, జీడిపప్పు బిస్కెట్లు వచ్చాయి, తీర్మానం వచ్చింది. అందరూ చేతులెత్తారు. బిస్కెట్టు లేని చెయ్యి నేనూ ఎత్తాను.

మాది రాష్ట్ర ధ్వని వారసత్వ సంస్థ. విశాఖపట్నంలో, మెడ బాగా చాస్తే సముద్రం కనిపించే ఒక మేడమీద ఉంటుంది. పాత పాటల్ని వెతికి మళ్ళీ విడుదల చెయ్యడం సంస్థ పని. ఎందుకు చెయ్యలేకపోతున్నామో అడిగినవాళ్ళకి నచ్చజెప్పడం నా పని. నన్ను ప్రజాసంబంధాల అధికారి అంటారు.

మా మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు విదేశాలకి అధ్యయన యాత్రకి వెళ్ళొచ్చాక ఈ రంగుల వ్యవహారం మొదలైంది. అక్కడ గ్రామఫోను రికార్డులు మళ్ళీ ఫ్యాషనయ్యాయట. కుర్రకారు పొద్దున్నే దుకాణాల ముందు వరసకట్టి మరీ కొంటున్నారట. అయితే అవి మన తాతలనాటి నల్ల రికార్డులు కావు. నిమ్మపండు రంగుది ఒకటి, నెమలి కంఠం రంగుది ఒకటి, పాలలో నీలిమందు ఒలికినట్టుండేది ఇంకొకటి. పరాంకుశం గారు సూట్‌కేసు నిండా తెచ్చి బల్లమీద పరిచారు.

"సంగీతం ఇంతకాలం నల్లగా ఉండటం వల్లనే వెనకబడిపోయిందని నా అధ్యయనంలో తేలింది" అన్నారు.

మా ఆఫీసులో ప్లేయరు లేదు. అందుకని వాటిని చూసి ఆనందించాం.

ఇక మన తరఫున ఏ పాటల్ని రంగులో వెయ్యాలి అన్న ప్రశ్నకి జవాబు ఓ విదేశీ పత్రిక ఇచ్చింది. ప్రపంచంలో పోగొట్టుకున్న మంచి ఆల్బమ్‌ల గురించి రాస్తూ అది మన ఊరి 'తుప్పు' పేరు ఎత్తింది. తొంభైల్లో ఉప్పుగాలి అనే బృందం చేసిన ఆల్బమ్ అది. ఆల్టర్నేటివ్ రాక్ అంటారట ఆ తరహాని. మా ఫైల్లో మాత్రం 'ప్రత్యామ్నాయ శిలా సంగీతం' అని ఉంటుంది. ఆ మాట చూసి పురావస్తు శాఖవాళ్ళు ఒకసారి వచ్చి వెళ్ళారు.

పైడిరాజు పాడేవాడు, గిటారు వాయించేవాడు. రైల్వే కాలనీ కుర్రాడు కెనెత్ డ్రమ్స్ వాయించేవాడు. బేస్ గిటారు వాయించిన మూడో ఆయన మస్కట్‌లో ఉద్యోగం రాగానే సంగీతాన్ని క్షమించి వదిలేశాడు. క్యాసెట్టు వేస్తే ఊళ్ళో ఎవరూ కొనలేదు. కంపెనీవాళ్ళు మిగిలిపోయిన క్యాసెట్ల మీద భజనలు ఎక్కించి అమ్మేశారు. అవి మాత్రం బాగా పోయాయి. భజన అయిపోయాక చివర్లో చెరపకుండా మిగిలిన పైడిరాజు కేక ఒకటి వినిపించేదనీ, జనం దాన్ని పూనకం అనుకుని దణ్ణం పెట్టుకునేవారనీ కెనెత్ చెబుతాడు. అసలు క్యాసెట్టు ఒకటి ఓడ దిగిన నావికుడెవరో కొనుక్కుపోయాడు. ఆ విదేశీ పత్రికాయన విన్నది అదే. ఆయన విన్నాక దాన్ని ఆయన ప్లేయరు నమిలేసింది.

మిగిలింది స్టూడియోలో రికార్డు చేసిన అసలు టేపు ఒక్కటి. పెద్ద చక్రానికి చుట్టి కెనెత్ మంచం కింద ఉంది. ఆ ఆల్బమ్ కావాలని మేం పేపర్లో ప్రకటన ఇవ్వగానే దాన్ని దుప్పట్లో చుట్టుకుని వచ్చారు. కెనెత్, పైడిరాజు, పైడిరాజు భార్య నూకరత్నం.

పైడిరాజుకి గొంతు లేదు. క్యాసెట్టు వచ్చిన మరుసటేడే గొంతులో గడ్డ లేచి ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, స్వరం పోయింది. మాట్లాడితే గాలి చప్పుడు మాత్రం వస్తుంది. ఫిషింగ్ హార్బరు దగ్గర బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. ఆ రొదలో ఆయన గుసగుస ఎవరికీ వినపడదు కాబట్టి నూకరత్నం పక్కన కూర్చుని ఆయన మాటలు బయటికి చెబుతుంది. ఆపరేషన్ అయ్యాకే వాళ్ళ పెళ్ళి జరిగింది. మొగుడి గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. పుట్టింట్లో ఉన్న భజన క్యాసెట్టు చివర వచ్చే ఆ కేక ఒక్కటే విన్నది.

కెనెత్ టేపు తీసి బల్లమీద పెట్టాడు. "సార్, దీని మీద పూత ఉంటాది. తేమకి జిగురైపోయింది మేన్. ఇలాగే తిప్పితే పూత ఊడి వచ్చేస్తాది, దానితో పాటు పాట. సన్నటి వేడిలో ఆరబెట్టి ఒక్కసారి వేసుకోవచ్చు. ఆ ఒక్కసారిలోనే కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఈ వానాకాలం దాటితే అది కూడా ఉండదు."

పైడిరాజు పెదవులు కదిపాడు. నూకరత్నం చెవి ఒగ్గి విని, "మీకాడ ఈ టేపు తిప్పే మిషనున్నాదని పేపర్లో చూసినామంతన్నారు బాబూ" అంది. తర్వాత తన మాట తను కలిపింది. "మీరే రంగైనా ఏసుకోండి. నాకు రికార్డుతో పని లేదు. ఆయన పాట ఒకపాలి యినిపించండి, సాలు."

పరాంకుశం గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అమ్మా, మిషను ఉన్నమాట వాస్తవమే. అది ప్రదర్శన వస్తువుగా నమోదై ఉన్నందున కరెంటు ఇచ్చుటకు వీలులేదు. రంగు ఖరారైన అనంతరం సమర్థులైన సాంకేతిక సంస్థ ద్వారా ధ్వని అంశాన్ని పరిశీలిస్తాము. ముందు రంగు, తరవాత రాగం."

టేపు లోపలికి వెళ్ళింది. ఒక ప్రయోజనం కోసం సంస్థకి అప్పగించిన వస్తువుని ఆ ప్రయోజనం నెరవేరేదాకా తిరిగి ఇవ్వకూడదని మాకు నిబంధన ఉంది. వాళ్ళు టేపు ఇచ్చేముందే ఆ సంగతి చెప్పాలన్న నిబంధన మాత్రం లేదు. ఇచ్చాక నేను చెప్పాను.

రంగు ఖరారు చెయ్యడానికి వర్ణ నిర్ణాయక సంఘం వేశారు. రేపెప్పుడో ప్రభుత్వం మారితే రికార్డులు గోదాములో పడకూడదని దూరాలోచన చేసి, ప్రతి పార్టీ నుంచీ ఒక్కో సభ్యుణ్ణి పెట్టారు. మొదటి సమావేశంలో ఎవరో పసుపు అన్నారు. ఒకాయన నవ్వాడు, ఇంకొకాయన లేచాడు. నీలం అన్నారు. లేచినాయన కూర్చుని నవ్వాడు, నవ్వినాయన లేచాడు. ఎరుపు అన్నప్పుడు ఎవరూ లేవలేదు, ఎవరూ నవ్వలేదు, మూలనున్న పెద్దాయన ఒక్కడు కళ్ళు తుడుచుకున్నాడు. ఆకుపచ్చ, కాషాయం అన్న మాటలు పైకి రాకుండా అందరూ కలిసి జాగ్రత్తపడ్డారు. గులాబీ పక్క రాష్ట్రానిదన్నారు. తెలుపు అసలు రంగే కాదన్నారు. నలుపు వేస్తే తీర్మానమే వృథా.

కబురు తెలుసుకుందామని వచ్చిన నూకరత్నం గుమ్మంలో నిలబడి, "పాట పేరు తుప్పు కదా బాబూ, తుప్పు రంగే ఎయ్యొచ్చు కదా" అంది.

సంఘం ఉలిక్కిపడింది. ఇది ఉక్కు నగరం. ఇక్కడ ప్రభుత్వ సొమ్ముతో తుప్పు రంగు వేస్తే పరిశ్రమల శాఖ ఏమనుకుంటుందని పరాంకుశం గారు అడిగారు. రంగు సంగతి అటుంచి ఆల్బమ్ పేరు మీదే చర్చ మొదలైంది. చివరికి అట్టమీద 'తుప్పు' అన్న మాట కింద 'నివారణ సాధ్యమే' అని వెయ్యాలని ఒప్పుకున్నారు. పైడిరాజుకి ఈ సంగతి నేనే చెప్పాను. ఆయన భుజాలు కదిలేలా నవ్వాడు. చప్పుడు రాలేదు.

వానలు పట్టాయి. మా భాండాగారంలో ఏసీ పాడైంది. పరాంకుశం గారి గదిలో రెండున్నాయి కానీ వాటిని కదిలిస్తే హోదా దెబ్బతింటుంది. నూకరత్నం వారం వారం వచ్చి టేపు చూపించమనేది. చూపించేవాణ్ణి. దాన్ని ముట్టుకోకుండా వంగి వాసన చూసేది. "పులుపొస్తంది బాబూ" అనేది. నాకూ వచ్చేది. కానీ వాసన అనేది మా పరిశీలనాంశాల్లో లేదు.

అప్పుడు వర్ణ సలహాదారు డాక్టర్ హయగ్రీవం గారు వచ్చారు. రంగుల రసాయన శాస్త్రంలో ఆయన దిట్ట, రాజకీయాల్లో అంతకన్నా దిట్ట. శాసనసభలో ఉన్న పార్టీల రంగులన్నిటినీ సమాన పాళ్ళలో కలిపి ఒక కొత్త రంగు తయారుచేశారు. దానికి 'ఏకాభిప్రాయ వర్ణం' అని పేరు పెట్టారు. నున్నటి బిళ్ళ ఒకటి ఆ రంగులో పోతపోయించి సంఘం ముందు పెట్టారు. నాకది పొద్దుటి చింతపండు పులుసు సాయంత్రానికి చిక్కబడ్డట్టుంది. సభ్యులు తలా కాసేపు చేతిలో పట్టుకుని చూశారు. తన రంగు అందులో ఉందని ప్రతివాడూ సంతోషించాడు. ఎదుటివాడి రంగు కనపడటం లేదని అంతకన్నా సంతోషించాడు.

గుమ్మంలోంచి నూకరత్నం తొంగిచూసింది. "ఇది తుప్పే కదా బాబూ."

"తుప్పు కాదమ్మా" అన్నారు పరాంకుశం గారు ఓపిగ్గా. "ఏకాభిప్రాయం."

బిళ్ళ మీద అందరూ సంతకాలు చేశారు. గెజిట్లో ప్రకటించారు. ఈ రంగుకి వెంట్రుకవాసి తేడా వచ్చినా రికార్డు చెల్లదని ఉత్తర్వు వచ్చింది. ఇక పాట ఎక్కించడమే మిగిలిందని కెనెత్ నాకు ఫోన్ చేసి సంతోషపడ్డాడు. నేనూ సంతోషపడ్డాను. ఇద్దరం తొందరపడ్డాం.

ఫ్యాక్టరీవాళ్ళు యంత్రం సరిచూసుకోవడానికి తమ దగ్గరున్న ఏదో వాయిద్య సంగీతంతో ఒక నమూనా రికార్డు పోసి పంపారు. రంగు సరిగ్గా అదే. కానీ బల్లమీద పెట్టేసరికి గదిలో గొడవ లేచింది. రికార్డు మీద గాడులుంటాయి కదా, వెలుతురు వాటిమీద పడి చెదిరింది. కిటికీ వైపు కూర్చున్నాయనకి ఒక రంగు మెరిసింది, ఎదుటాయనకి ఇంకో రంగు. ఇద్దరికీ ఎదుటివాడి రంగే కనిపించింది. కుర్చీలు మారి కూర్చున్నారు. అప్పుడూ అంతే. ఇంత కష్టపడి కలిపిన పార్టీలన్నీ రికార్డు మీద మళ్ళీ విడిపోయి తిరుగుతున్నాయి.

ఫ్యాక్టరీ ఇంజనీరుని పిలిపించారు. కెనెత్ కూడా వచ్చాడు.

"రంగులో దోషం లేదు సార్. గాడుల వల్ల అలా మెరుస్తుంది" అన్నాడు ఇంజనీరు.

"గాడులు ఎందుకున్నట్టు?" అన్నారు పరాంకుశం గారు.

"పాట అందులోనే ఉంటుంది సార్."

"మొత్తం అందులోనేనా?"

"మొత్తం అందులోనే సార్."

పరాంకుశం గారు గాడులు కాస్త పల్చగా వెయ్యమన్నారు. వేసి తెచ్చారు. మెరుపు తగ్గలేదు. పాటలు తగ్గించమన్నారు. రెండు పాటలు సరిపడా గాడులతో ఒకటి తెచ్చారు. అప్పుడు మధ్యలో మాత్రమే మెరిసింది. "మధ్యేవాదులకి పక్షపాతం చేసినట్టుంది" అని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పాడు. ఒక్క పాట వేశారు. అది అంచున మెరిసింది. అంచున ఉన్నవాళ్ళు ఎవరన్న ప్రశ్న వచ్చింది.

ఆఖరికి హయగ్రీవం గారే దారి చూపించారు. ఆమోదించిన బిళ్ళకి గాడులు లేవు. గెజిట్లో ప్రకటించింది ఆ బిళ్ళనే. కాబట్టి గాడులున్న రికార్డు ఏదైనా ఉత్తర్వుని ఉల్లంఘించినట్టే.

"అయితే పాట ఎలా వస్తాది సార్?" అన్నాడు కెనెత్.

"కెనెత్ గారూ, భావోద్వేగాన్ని పక్కనపెట్టి పరిశీలించండి" అన్నారు పరాంకుశం గారు. "రంగు రికార్డులు కొనేవారిలో అత్యధికులకు ప్లేయరే లేదని అధ్యయనంలో వెల్లడైంది. ఉన్నవారు కూడా గీత పడుతుందని వేయరు. గోడకు అలంకరించుకుంటారు. వినియోగదారుడు కోరని గాడుల కోసం ఏకాభిప్రాయాన్ని భంగపరచుట ఎంతవరకు సమంజసం? ధ్వని అంశమును తదుపరి దశకు వాయిదా వేయడమైనది."

తదుపరి దశ అంటే మా సంస్థలో ఏమిటో నాకు తెలుసు. మా ఊళ్ళో ఇప్పటికీ తదుపరి దశలో ఉన్న వంతెన ఒకటుంది. దాని మీద మేకలు మేస్తాయి.

బయట బెంచీ మీద కూర్చున్న పైడిరాజు దంపతులకి ఈ కబురు చెప్పాల్సింది నేనే. పాట లేకుండా రికార్డు వేస్తున్నారని చెప్పాను. పైడిరాజు తలదించుకున్నాడు. నాకు సిగ్గేసింది.

నూకరత్నం మాత్రం నన్నే చూస్తోంది. "అయితే పాట అక్కర్లేదన్నమాట మీకు."

"ప్రస్తుతానికి అక్కర్లేదమ్మా."

"రికార్డు యిడుదలైపోతే పని నెరవేరినట్టేనా?"

"నెరవేరినట్టే."

"పని నెరవేరితే టేపు తిరిగిచ్చేత్తారు కదా. ఆ రూలు మీరే సెప్పినారు."

ఆ రూలు చెప్పింది నేనే. అలా వాడుకోవచ్చని నాకు తట్టలేదు. "మరి తొందరగా యిడుదల సేయించండి బాబూ" అంది. "టేపు పులిసిపోతంది."

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఒక పని తొందరగా జరగడానికి తిరిగాను. మంత్రిగారి తారీఖు సంపాదించాను, హాలు మాట్లాడాను, బ్యానరు వేయించాను. ఇలా పరిగెత్తుతున్నానేమని అందరూ ఆశ్చర్యపోయారు. ప్రమోషన్ కోసం అనుకున్నారు.

ఆవిష్కరణ సభ ఘనంగా జరిగింది. వేదిక మీద అద్దెకి తెచ్చిన ప్లేయరు, దాని మీద ఏకాభిప్రాయ వర్ణంలో నున్నగా మెరుస్తున్న రికార్డు. ఏ మూల నుంచి చూసినా ఒకటే రంగు. మంత్రిగారు ముల్లు దించారు. అది నున్నటి బిళ్ళ మీద అంచు నుంచి మధ్యకి జారిపోయి అక్కడ ఆగింది. హాలంతా నిశ్శబ్దం. మంత్రిగారు పరాంకుశం గారి వైపు చూశారు. పరాంకుశం గారు కళ్ళు మూసుకుని తల ఆడిస్తున్నారు. అది చూసి మంత్రిగారు కూడా తల ఆడించారు. ముందు వరసవాళ్ళు తాళం వెయ్యడం మొదలుపెట్టారు. ఆల్టర్నేటివ్ అంటే మామూలు సంగీతంలా ఉండదని అందరూ వినే ఉన్నారు. అర్థం కాలేదని ముందుగా ఎవరు ఒప్పుకుంటారు?

"కొంచెం తగ్గించండి, లోపలికి దిగిపోతోంది" అన్నాడు నా పక్కన కూర్చున్న సంగీత విమర్శకుడు.

చప్పట్లు మొదట కొట్టింది నూకరత్నం. నిలబడి, చేతులు ఎర్రబడేలా కొట్టింది. పైడిరాజునీ లేపి కొట్టించింది. కళాకారుడి కుటుంబమే కదిలిపోయిందని పరాంకుశం గారు ఉపన్యాసంలో ప్రత్యేకంగా ప్రస్తావించారు.

మర్నాడే టేపు విడుదల ఫైలు పెట్టాను. పరాంకుశం గారు ఎంతో తేలిగ్గా సంతకం చేశారు. "ఇచ్చేయవయ్యా. చూడటానికి కూడా బాగోలేదు" అన్నారు.

టేపు తీసుకుని కెనెత్ ఇంటికి వెళ్ళాను. మేం రంగు వెతుకుతున్నన్నాళ్ళూ వాళ్ళు ఊరుకోలేదు. మూతపడ్డ స్టూడియో నుంచి పాడైన టేపు మిషను ఒకటి తెచ్చుకున్నారు. పైడిరాజు దానికి బోటు ఇంజన్ల సామాను బిగించి తిరిగేలా చేశాడు. కెనెత్ భార్య ఫ్లోరా మామిడి తాండ్ర ఆరబెట్టి అమ్ముతుంది. తాండ్ర ఆరబెట్టే కరెంటు పెట్టెలోంచి పళ్ళేలు తీసేసి, ఆ సన్నటి వేడిలో టేపు పెట్టారు. ఆదివారం చర్చి అయ్యాక వెయ్యాలనుకున్నారు. ఆదివారం నన్నెవరూ పంపలేదు. నాకే వినాలనిపించి వెళ్ళాను.

గదిలో తాండ్ర వాసన. కెనెత్ కంప్యూటరు సిద్ధం చేసి, సిలువ గుర్తు వేసుకుని మీట నొక్కాడు. చక్రాలు కదిలాయి. టేపు వెళ్ళిన దారంతా గోధుమరంగు పొడి రాలుతోంది. ఇది ఒక్కసారే. మొదట డ్రమ్ము కర్రల చప్పుడు, ఆ తర్వాత గిటారు, ఆ తర్వాత గొంతు.

"గేటుకి తుప్పు, గొళ్ళేనికి తుప్పు, దాచుకున్న డబ్బాకి తుప్పు, నాకింకా పట్టలేదురా..."

నాకు సంగీతం తెలియదు. ఆ గొంతు నున్నగా లేదు. బీచ్ రోడ్డులో ఎదురుగాలికి సైకిలు తొక్కేవాడు పక్కవాడితో అరిచి మాట్లాడినట్టుంది. అంత పెద్ద గొంతు ఆ సన్నటి మనిషిలోంచి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. పైడిరాజు పెదవులు ఆ పాటతో పాటు కదులుతున్నాయి, ఒక్క మాట కూడా తప్పకుండా. నూకరత్నం స్పీకరు వైపు చూడలేదు. మొగుడి గొంతు మీదున్న కుట్ల మచ్చ వైపే చూస్తూ కూర్చుంది.

అంతలో నా ఫోను వణికింది. పరాంకుశం గారు. గది గుమ్మం దాకా వెళ్ళి తీశాను. మంత్రిగారు పరవశించారట. రెండో ముద్రణకి ఆదేశాలిచ్చారట. పైడిరాజు గారిని వర్ణ నిర్ణాయక సంఘంలో గౌరవ సభ్యుడిగా నియమిస్తున్నారట. ఆయన అంగీకారం వెంటనే కావాలట.

ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, పైడిరాజు దగ్గరికి వంగి గొణుగుతున్నట్టు అడిగాను. ఆయన వినిపించుకోలేదు. జవాబు కోసం అలవాటుగా నూకరత్నం వైపు తిరిగాను.

ఆమె నా వైపు చూడకుండానే చెయ్యి ఎత్తి ఆపింది.

"ఉండండి బాబూ" అంది. "ఆయన పాడతన్నారు."